పాత కారుకు ఐదో గేరు

కొత్త కారు కొనడానికి డబ్బుంటే చాలు. పాత కారును నిలబెట్టుకోవడానికి డబ్బుతోపాటు ఓపికా, ఓపికతోపాటు కాస్త ఆలోచనా కావాలి. మా గోదావరి జిల్లాల పల్లెలలో కొన్ని లోగిళ్ళకు వెళితే, వసారా పక్కనో, ధాన్యపు గాదె వెనుకనో తార్పాలిను కప్పుకొని ఒక అంబాసిడర్ కారు ఇంకా కనబడుతుంది. తాతగారి హయాంలో కొన్నది. ఇంట్లో రెండు మూడు పెళ్ళిళ్ళకు పెళ్ళికొడుకును మోసింది. పురిటికి ఆడపిల్లలను ఆసుపత్రికి చేర్చింది. ఇప్పుడు దానిని ఏం చేయాలన్నది ఆ ఇంట్లో తేలని తగవు. పాత ఇనుముకు వేసేసి ఆ చోట మోటారు సైకిళ్ళు పెట్టుకుందామంటాడు కొడుకు. నేను బతికుండగా గడప దాటించవద్దంటుంది తల్లి. సెలవులకు పట్నంనుంచి వచ్చిన మనుమడు మూడో మాట అంటాడు: "దీనికి ఐదు గేర్ల గేరుబాక్సు వేయిద్దాం తాతయ్యా! ఎంచక్కా విజయవాడ దాకా వెళ్ళిరావచ్చు."

ఈ మూడో మాటను గురించే ఈ నాలుగు ముక్కలూ. పాత బండికి కొత్త గేరుబాక్సు ఎక్కించడం సాధ్యమేనా? సాధ్యమైతే ఒరిగేదేమిటి, పోయేదేమిటి? అలా చేసిన తరువాత అది తాతగారి కారేనా, వేరే కారా?

గేరు చేసే పని

కార్లతో పరిచయం లేనివారికి ముందుగా ఒక మాట. గేరు ఇంజనుకు బలం పోయదు. ఉన్న బలాన్ని సమయానికి తగినట్టు పంచిపెడుతుంది, అంతే. ఏతాము తొక్కిన రైతుకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. బారు పొడుగైతే బరువు తేలిగ్గా లేస్తుంది. కాని ఎక్కువ దూరం నడవాలి. పొట్టిదైతే పని తొందరగా అవుతుంది. కాని రెక్కలు పడిపోతాయి. కారులో మొదటి గేరు పొడుగు బారు వంటిది. పాత నాలుగు గేర్ల బండిలో మొదటి గేరు వేస్తే ఇంజను దాదాపు 4 చుట్లు తిరిగితేగాని గేరుబాక్సు వెనుక ఇరుసు 1 చుట్టు తిరగదు. ఆ తరువాత వెనుక చక్రాల మధ్యనున్న పళ్ళచక్రాలు దానిని మరి నాలుగున్నర వంతులకు తగ్గిస్తాయి. అంటే చక్రం ఒక్క చుట్టు తిరగడానికి ఇంజను పదిహేడు, పద్ధెనిమిది చుట్లు తిరగాలన్నమాట. అందుకే నిండా జనంతో ఉన్న బండి కూడా చోటునుంచి కదులుతుంది, ఎత్తెక్కుతుంది.

నాలుగో గేరుకు వచ్చేసరికి గేరుబాక్సులో తగ్గింపు ఉండదు. ఇంజను ఎంత తిరిగితే వెనుక ఇరుసు అంతే తిరుగుతుంది. దీనినే డైరెక్టు గేరంటారు. పాత బండికి అదే ఆఖరి మెట్టు. కొత్త గేరుబాక్సులోని ఐదో గేరు దానికి పైమెట్టు. ఇక్కడ ఇంజను ఒక చుట్టు తిరిగేలోగా వెనుక ఇరుసు ఒక చుట్టుకు మించి తిరుగుతుంది.

లెక్క వేసి చూద్దాం. చక్రం ఒక చుట్టుకు సుమారు 2 మీటర్లు నడుస్తుందనుకోండి. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో అది నిమిషానికి 667 చుట్లు తిరగాలి. వెనుక ఇరుసు తగ్గింపు నాలుగున్నర వంతులైతే నాలుగో గేరులో ఇంజను నిమిషానికి 3,000 చుట్లు తిరగాలి. ఐదో గేరు నిష్పత్తి 0.85 అనుకుంటే అదే వేగానికి 2,550 చుట్లు చాలు. నిమిషానికి 450 చుట్లు, గంట ప్రయాణంలో 27,000 చుట్లు ఇంజనుకు తప్పిన చాకిరి. లోపల కూర్చున్నవారు గొంతు పెంచకుండా మాట్లాడుకోవచ్చు. ఇంజను వేడెక్కడం తగ్గుతుంది. సాఫీ రోడ్డుమీద పెట్రోలూ కొంత కలిసివస్తుంది. ఐదో గేరు మహిమ ఇంతే. వేగం పెంచడానికి పుట్టినది కాదది, ఉన్న వేగాన్ని సుఖంగా నడిపించడానికి పుట్టినది. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే తరువాతి తప్పులు చాలా తప్పిపోతాయి.

నాలుగు గేర్ల కథ

ముందు ఇంజను, దాని వెనుక క్లచ్, ఆ వెనుక గేరుబాక్సు, చివర వెనుక చక్రాలు — ఈ వరుసను ఫ్రాన్సు దేశంలో పనార్, లెవసోర్ అనేవారి కంపెనీ 1891లో ఏర్పాటు చేసింది. ఆనాటి గేరుబాక్సులో తిరుగుతున్న పళ్ళచక్రాన్ని తిరుగుతున్న మరో పళ్ళచక్రంలోకి తోయవలసిందే. రెండింటి వేగమూ కలవకపోతే గరగరమని చెవులు చిల్లులు పడేవి. 1928లో అమెరికాలోని కాడిలాక్ కార్లలో సింక్రోమెష్ అనే ఉపాయం వచ్చింది. పళ్ళు కలవడానికి ముందే ఒక ఇత్తడి ఉంగరం రాపిడిచేత రెంటి వేగాన్నీ సమం చేస్తుంది. సంబంధం కుదిర్చే పెద్దమనిషి వంటిదన్నమాట. పాత బండ్లలో గేరు పడక సతాయించడానికి చాలాసార్లు ఈ ఉంగరాలు అరిగిపోవడమే కారణం.

మన అంబాసిడర్ పుట్టుక అందరికీ తెలిసిందే. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో శ్రేణి కారును హిందుస్థాన్ మోటార్స్ వారు కలకత్తా దగ్గర ఉత్తరపాడాలో 1957నుంచి అంబాసిడర్ పేరుతో తయారుచేశారు. 2014 మే నెలలో అక్కడ ఉత్పత్తి ఆగిపోయింది. చాలా ఏళ్ళపాటు ఆ బండికి ప్రాణం 1,489 సి.సి. పెట్రోలు ఇంజను; దాని శక్తి సుమారు 50 గుర్రాలది. దానికి నాలుగు గేర్లు. గేరు కర్ర స్టీరింగు పక్కనే ఉండేది. అందుచేత ముందు సీటు ఈ చివరినుంచి ఆ చివరికి ఒకే బల్లలా ఉండి డ్రైవరు పక్కన మరి ఇద్దరు సుఖంగానూ, ముగ్గురు సర్దుకొనీ కూర్చునేవారు. పెళ్ళివారైతే లెక్కే లేదు!

పై మూడు గేర్లకూ సింక్రోమెష్ ఉంది. మొదటి గేరుకు లేదు. బండి పూర్తిగా ఆగితేగాని మొదటి గేరు నెమ్మదిగా పడదు. ఎత్తెక్కుతూ వేగం పడిపోయినప్పుడు రెండోనుంచి మొదటికి దిగాలంటే క్లచ్ రెండుసార్లు తొక్కి, నడుమ ఒకసారి ఇంజనును రేపి, సమయం చూసి వేయాలి. పాత డ్రైవర్లకు అది చేతి వాటం. నిన్నమొన్న లైసెన్సు పుచ్చుకొన్న కుర్రవాడికి అది గండం. నిండు బండి ఏజెన్సీ ఎత్తుమీద వెనక్కు జారడం మొదలుపెడితే వాడికి చెమటలు పోస్తాయి. కొత్త గేరుబాక్సులో ముందుకు నడిపే ఐదు గేర్లకూ సింక్రోమెష్ ఉంటుంది. పాత బండిని పిల్లల చేతికి ఇచ్చే ఇంట్లో ఐదో గేరుకంటే ఈ మొదటి గేరు సుఖమే పెద్ద లాభమని నా అభిప్రాయం.

కంపెనీవారే చూపిన దారి

పాత బండికి కొత్త గేరుబాక్సు అనగానే ఏదో వింత చేష్ట అనుకొనేవారున్నారు. కాని మన దేశంలో ఈ పని అందరికంటే పెద్ద ఎత్తున చేసినది హిందుస్థాన్ మోటార్స్ వారే. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చి మధ్యతరగతివారి మనసు దోచుకొన్నది. తేలికగా తిరిగే స్టీరింగు, మెత్తగా పడే గేర్లు ఎలా ఉంటాయో జనానికి తెలిసిపోయింది. అంబాసిడరును కొత్తగా గీయకుండా, ఆ పాత శరీరంలోనే జపానువారి ఇసుజు పద్ధతి 1.8 లీటర్ల పెట్రోలు ఇంజనునూ, 5 గేర్ల గేరుబాక్సునూ పెట్టి 1990ల తొలినాళ్ళలో 1800 ఐ.ఎస్.జడ్. అనే రకాన్ని విడుదల చేశారు. శక్తి 50నుంచి 75 గుర్రాలకు పెరిగింది. గేరు కర్ర స్టీరింగును విడిచి నేలమీదికి దిగింది. అదే కంపెనీవారి కాంటెసా క్లాసిక్ కారులోనూ ఇసుజు ఇంజనూ, ఐదు గేర్లూ ఉండేవి. అంటే 1950ల శరీరం 1980ల గుండెతో పాతికేళ్ళ వరకు మన రోడ్లమీద తిరిగిందన్నమాట.

పాత అంబాసిడరు కలవారికి దీనిలో ఒక మేలున్నది. తమ బండికి తమ్ముడి వరస బండిలోనే కావలసిన సరుకు దొరుకుతుంది. ఇంజనును మోసే దిమ్మలు, అడుగు దూలాలు ఎక్కడెక్కడ ఉండాలో కంపెనీవారు ఒకసారి ఆలోచించి పెట్టినవే. పరాయి బండి గేరుబాక్సు తెచ్చి వెల్డింగు అతుకులతో ఇరికించడంకంటే ఇది ఎన్నో రెట్లు మేలు. కాని దారులు రెండున్నాయి. ఇంజనూ గేరుబాక్సూ రెండూ మార్చడం ఒకటి. పాత ఇంజనును ఉంచి, దాని వెనుక గేరుబాక్సు మాత్రం మార్చడం రెండోది.

రెండో దారికి విదేశాలలో చాలా ప్రచారం ఉంది. మన పాత అంబాసిడర్ ఇంజను కుటుంబానికే చెందిన ఇంజను ఇంగ్లండులో ఎం.జి.బి. అనే పందెపు పోకడల చిన్న కారులో ఉండేది. అక్కడివారు దానికి 1982లో వచ్చిన ఫోర్డ్ సియెర్రా జాతి 5 గేర్ల గేరుబాక్సును తగిలిస్తారు. అందుకు కావలసిన పలకలూ, బోల్టులూ ఒక పెట్టెలో సర్ది అమ్మే దుకాణాలే ఉన్నాయి. మోరిస్ మైనరుకూ అలాగే. అమెరికాలో పాత మస్టాంగు కార్లకు బోర్గ్-వార్నరు వారి టి-5 గేరుబాక్సు వేయడం పరిపాటి. మనకు అటువంటి పెట్టె దొరకదు. లేతు మిషను దగ్గర నిలబడి చేయించుకోవలసిందే.

కలిపేచోట ఉన్నది కిటుకు

ఇంజను వెనుక చెంప ఒక ఆకారంలో ఉంటుంది. కొత్త గేరుబాక్సు ముఖం మరొక ఆకారంలో ఉంటుంది. ఈ రెంటి మధ్యకు దుబాసీలా ఒక మందపాటి పలక కావాలి. దానినే ఎడాప్టరు ప్లేటంటారు. ఒకవైపు బోల్టు రంధ్రాలు ఇంజనుకు, మరోవైపు రంధ్రాలు గేరుబాక్సుకు సరిపోవాలి. ఇది పైకి కనబడే పని గనుక అందరూ దీనినే పెద్ద పని అనుకొంటారు. అసలు కిటుకు కనబడనిచోట ఉన్నది.

ఇంజనులోని క్రాంకు షాఫ్టు నడిగీతా, గేరుబాక్సు ముందు షాఫ్టు నడిగీతా ఒకే సూటిలో ఉండాలి. అంగుళంలో వెయ్యోవంతుల లెక్కలో చూడవలసిన పని ఇది. గడియారం వంటి ముఖమున్న కొలత సాధనాన్ని క్రాంకు షాఫ్టుకు బిగించి చుట్టూ తిప్పి చూస్తారు. కంటితో చూసి "బానే ఉందండి" అనేవాడి చేత ఈ పని చేయించకూడదు. సూటి తప్పితే ఆ రోజే ఏమీ కాదు. ఆరు నెలలకు బేరింగు అరుస్తుంది, ఏడాదికి క్లచ్ వణుకుతుంది. తరువాత గేరుబాక్సు చెడ్డదని తిట్టుకొంటాం.

షాఫ్టు ముక్కు వచ్చి క్రాంకు షాఫ్టు చివర ఉన్న చిన్న బుష్షులో కూర్చుంటుంది. ముక్కు లావు మారుతుంది గనుక ఆ బుష్షు కొత్తగా తరిమెన పట్టించాలి. క్లచ్ ప్లేటు నడుమ గాడులు కొత్త గేరుబాక్సు షాఫ్టుకు సరిపోవాలి. దాని వెడల్పు మాత్రం పాత ఫ్లైవీలుకు సరిపోవాలి. పుట్టింటికీ అత్తింటికీ సర్దిచెప్పుకోవలసిన కోడలి స్థితి దానిది!

తరువాత పొడుగు. కొత్త గేరుబాక్సు పాతదానికంటే పొడుగో పొట్టో అవుతుంది. వెనుక ఇరుసుదాకా పోయే ప్రొపెల్లర్ షాఫ్టును దానినిబట్టి కోసి అతికించాలి, అతికించాక తూకం చూడాలి. తూకం చూడని షాఫ్టు 40 కిలోమీటర్ల వేగంలో మంచి బాలుడిలా ఉంటుంది. 70 దాటగానే సీటుకింద దరువు మొదలుపెడుతుంది. ఐదో గేరు వేయించుకొన్నది 70 దాటడానికేనాయె!

స్పీడు చూపే ముల్లును తిప్పే చిన్న చక్రం గేరుబాక్సు వెనుక భాగంలో ఉంటుంది. కొత్తదానిలో పళ్ళ లెక్క వేరైతే ముల్లు అబద్ధం చెబుతుంది. చేతి ఫోనులో చూపే వేగంతో దానిని ఒకసారి పోల్చుకోవాలి. ఇక నూనె సంగతి. గేరుబాక్సు పాతదైనా కొత్తదైనా నూనె నూనేగదా అని ఏదో ఒకటి పోయరాదు. వెనుక ఇరుసుకు పోసే ఘాటు మందుల నూనె కొన్ని గేరుబాక్సుల ఇత్తడి ఉంగరాలను తినివేస్తుంది. ఏ పెట్టెకు ఏ నూనె అని తయారుచేసినవారు చెప్పారో అదే పోయాలి.

బ్రేకులను గురించి చెప్పకుండా ఈ భాగం ముగించకూడదు. పాత అంబాసిడరుకు నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. పదేపదే తొక్కితే వేడెక్కి పట్టు సడలుతుంది. గేర్ల సుఖం మరిగి 60లో నడిచే బండిని 90లో నడిపితే, ఆగడానికి కావలసిన దూరం ఒకటిన్నర వంతులు కాదు, రెండు వంతులకుపైగా పెరుగుతుంది. గేరుబాక్సుకు పెట్టే డబ్బులో మొదటి వాటా బ్రేకులకూ, టైర్లకూ, సీటు బెల్టులకూ పోవాలి. మిగిలినది గేరుబాక్సుకు.

పోలవరం దారిలో ఒక అనుభవం

మా పోలవరం ఒక తమాషా అయిన చోట ఉన్నది. పాపికొండల నడుమ ఇరుకుగా వచ్చిన గోదావరి ఇక్కడే ఒళ్ళు విరుచుకొని మైదానంలో పడుతుంది. వెనుకకు పోతే ఏజెన్సీ ఎత్తుపల్లాలు. ముందుకు పోతే పట్టిసీమ, తాళ్ళపూడి మీదుగా కొవ్వూరు దాకా ఏటిగట్టు వెంబడి వంపుల దారి. ప్రాజెక్టు పని మొదలైనప్పటినుంచి ఆ దారిలో టిప్పర్ల రాకపోకలు కూడా ఎక్కువే. అక్కడ రెండో గేరూ మూడో గేరూ తప్ప ఐదో గేరుకు పనిలేదు. కొవ్వూరు చేరి, దేవరపల్లి, గుండుగొలను మీదుగా ఏలూరుకు పోయే నాలుగు వరుసల జాతీయ రహదారి ఎక్కినప్పుడు మాత్రం దాని విలువ తెలుస్తుంది. పాత బండిలో నాలుగో గేరు కేకలు పెడుతూ ఉంటుంది. మనం ఇంకో గేరుకోసం అలవాటుగా చేయి చాపుతాం. అక్కడ ఏమీ ఉండదు.

నేనెరిగిన ఒక పెద్దాయన దగ్గర 1960లనాటి మార్కు-2 అంబాసిడరున్నది. రాజమండ్రిలో ముప్పై ఏళ్ళుగా ఈ బండ్లే చూసే ఒక మేస్త్రీని పిలిపించి ఐదు గేర్లు వేయాలన్నారు. మేస్త్రీ బండి చుట్టూ తిరిగి, కింద దూరి చూసి, చేతులు తుడుచుకొంటూ లేచాడు.

"ఆయ్, వేసేద్దామండి. అవ్వదని కాదండి. కాని బాబుగారూ, ముందు ఉన్న పెట్టె ఇప్పి చూడనివ్వండి. రోగం దానిదో, క్లచ్చిదో తెలీకుండా గుండె మార్చేస్తే ఎలాగండి?"

"అంటే ఇదే బాగుచేస్తానంటావా మేస్త్రీ?"

"బాగుచేసే ఇస్తానండి. ఆ పైన కొత్తది వేస్తానండి. పాతది మీ అటకమీద ఉండాలండి. రేపు మీ మనవడి బాబుకి బండి ఎలాగుండేదో చూపించాలంటే ఏం చూపిస్తారండి?"

విప్పి చూస్తే రెండు ఇత్తడి ఉంగరాలూ, ఒక బేరింగూ అరిగాయి. అంతే. వాటిని మార్చాక అదే గేరుబాక్సు చక్కగా పనిచేసింది. పెద్దాయన నాలుగు నెలలు అలాగే తిప్పి చూసుకొన్నారు. కొడుకులిద్దరూ దూరాన ఉన్నారు, రాకపోకలన్నీ పెద్ద రోడ్డుమీదనే గనుక ఐదు గేర్లకే మొగ్గుచూపారు. ఇంజను పాతదే ఉంచారు. పాత గేరుబాక్సుకు నూనె రాసి, గోనెపట్టా చుట్టి, బోల్టులన్నీ ఒక డబ్బాలో వేసి, ఏ బోల్టు ఎక్కడిదో చీటీ రాసి అటక ఎక్కించారు.

ఇంట్లో అభ్యంతరం వచ్చినదల్లా ఒక్క చోట. గేరు కర్ర నేలమీదికి రావడంతో ముందు సీటు నడిమి చోటు పోయింది. అది బామ్మగారి చోటు. యాభై ఏళ్ళనుంచి ఆవిడ అక్కడే కూర్చుని, దారిలో కనబడిన ప్రతి గుడికీ దణ్ణం పెట్టేది. "నా సీటు తీసి కర్ర పాతారట్రా!" అని రెండు రోజులు సాధించింది. తరువాత వెనుక సీటులో కిటికీ దగ్గర కూర్చుని, "గాలి బాగానే వస్తోందిలే" అన్నది. కాని పెట్రోలు లెక్కలో కనబడని ఖర్చు అటువంటిది ఒకటి ఉంటుందని, పని మొదలుపెట్టేముందే ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోవడం మంచిదని అప్పుడు నాకు తోచింది.

చట్టం మాట

మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షను బండిలో చేసే మార్పులను గురించి చెబుతుంది. తయారుచేసినవారు మొదట ఇచ్చిన వివరాలకూ, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలకూ తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదని దాని సారాంశం. 2019 జనవరిలో సుప్రీం కోర్టు కూడా ఈ మాటనే గట్టిగా చెప్పింది. రిజిస్ట్రేషను పత్రంలో ఇంజను నంబరు, ఛాసీ నంబరు, ఇంజను సి.సి. ఉంటాయి. కాబట్టి ఇంజను మార్చడం పత్రాన్ని తాకే పని. గేర్ల లెక్క పత్రంలో ఉండదు. అయినా గొడ్డలి పట్టేముందు రవాణా కార్యాలయంలో కాగితం మీద అడిగి, సమాధానం కాగితం మీదనే తీసుకోవడం వివేకం. భీమా కంపెనీకి కూడా తెలియజేయాలి. దెబ్బ తగిలిన రోజున "మాకు చెప్పలేదే!" అనే మాట వినవలసిన అవసరం ఉండదు.

ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. 2021 జులైలో కేంద్ర ప్రభుత్వం పురాతన వాహనాలకు ప్రత్యేకంగా నియమాలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషను జరిగి 50 ఏళ్ళు దాటిన, మూలరూపంలో ఉన్న బండికి వి.ఎ. అనే అక్షరాలతో వేరే నంబరు ఇస్తారు. ఛాసీలోగాని, శరీరంలోగాని, ఇంజనులోగాని పెద్ద మార్పు జరిగి ఉండకూడదు. కొత్త నమోదుకు రుసుము 20,000 రూపాయలు. అది 10 ఏళ్ళు చెల్లుతుంది. కాని అటువంటి బండిని ప్రదర్శనలకూ, ర్యాలీలకూ, మరమ్మతుకూ, పెట్రోలుకూ తప్ప రోజువారీ పనులకు తిప్పరాదు.

కాబట్టి మార్కు-1, మార్కు-2 బండ్లున్నవారు ముందుగా తేల్చుకోవలసినది ఇది. మన కారు చూపించుకోవడానికా, ఎక్కి తిరగడానికా? చూపించుకోవడానికైతే దానిలో ఒక మేకు కూడా మార్చకండి. నాలుగు గేర్లూ, స్టీరింగు పక్క కర్రా, మొదటి గేరు గరగరా, అన్నీ ఆ కాలపు సాక్ష్యాలే. ఒకసారి చెరిపితే మళ్ళీ రాయలేము. ఎక్కి తిరగడానికైతే సుఖానికీ, క్షేమానికీ తగిన మార్పు చేయడంలో తప్పులేదు. వాడుక లేక తుప్పుపట్టి మట్టిలో కలిసే కారుకంటే గేరుబాక్సు మారి రోడ్డుమీద తిరిగే కారు వెయ్యి రెట్లు నయం.

మార్చినా మరలేటట్టు

ఏ మార్పు చేసినా దానిని మళ్ళీ వెనక్కు తిప్పగలిగేటట్టు చేయాలి. నేను పంతుల్ని గనుక నాకు తోచిన పోలిక వ్యాకరణంలోనిదే. ఆదేశం శత్రువువలె వస్తుందనీ, ఆగమం మిత్రుడివలె వస్తుందనీ పెద్దలు చెబుతారు. ఆదేశం ఉన్న అక్షరాన్ని లేపి దాని పీట తాను ఆక్రమిస్తుంది. ఆగమం ఎవరినీ లేపకుండా పక్కన సర్దుకొంటుంది. గేరుబాక్సు మార్చడం ఆదేశమే, సందేహం లేదు. కాని లేచిపోయిన అక్షరం ఏదో తెలిసినంతకాలం మాటను విడదీసి అర్థం చెప్పగలం. అది మరచిపోయిననాడు మాట మూలమే పోతుంది.

అందుచేత అటువంటి ఆలోచన ఉన్నవారికి నేను చెప్పేవి ఇవి. ముందు పాత గేరుబాక్సును విప్పించి చూడండి. సగం ఇళ్ళలో తగవు అక్కడే తీరిపోవచ్చు. మార్చాలనే అనుకొంటే ఆ జాతి బండి సరుకే వెతకండి. అడుగు రేకు కోయడం తప్పనిసరైతే కోసిన ముక్కను పారవేయక దాచండి. దూలాలకు కొత్త రంధ్రాలు వేసేకంటే బోల్టులతో బిగించే పట్టీలు చేయించండి. పని చేసే ముందూ, చేస్తున్నప్పుడూ, అయిన తరువాతా ఫోటోలు తీయించండి. పాత గేరుబాక్సును ఎంత ధర పలికినా అమ్మకండి. ఉత్తరపాడాలో మరొకటి తయారుకాదు.

మేస్త్రీ విషయంలోనూ ఒక మాట. సింక్రోమెష్ లేని మొదటి గేరును చప్పుడు కాకుండా వేయడం తెలిసినవారు, చెవి ఆనించి ఏ బేరింగు అరుస్తున్నదో చెప్పగలవారు ఇప్పుడు జిల్లాకు కొద్దిమందే మిగిలారు. పని చేయించేటప్పుడు ఇంట్లో కుర్రవాడిని ఆ నాలుగు రోజులూ ఆయన పక్కన కూర్చోబెట్టండి. స్పానరు అందిస్తూ చూసినది వాడికి ఏ పుస్తకంలోనూ దొరకదు. రేపు రోడ్డుమీద బండి ఆగిపోతే చేతులు ముడుచుకొని నిలబడకుండా బానెట్ ఎత్తి చూస్తాడు.

ఆ తరువాత కొవ్వూరు దాటి పెద్ద రోడ్డెక్కి ఐదో గేరు వేయండి. బ్రేకులు ఎంతలో ఆపగలవో ఆ వేగంలోనే వెళ్ళండి. తాతగారి కారు అంతకుమించి పరుగెత్తవలసిన పని ఏనాడూ లేదు, ఇప్పుడూ లేదు.